వీధిలో లేని కుక్క

ఆ రోజు ఉదయానికి ఇముతా వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. ఐదున్నరకు లేవాలి. ఓడరేవు దారిన పన్నెండు కిలోమీటర్లు కారు నడపాలి. అక్కడి దుకాణంలో ఒక కాఫీ, సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్ద ఒకటి కొనుక్కుని తిరిగి రావాలి. అదే కాఫీ, అదే అన్నం ముద్ద అతని ఇంటికి వంద అడుగుల దూరంలో కూడా దొరుకుతాయి. కానీ వంద అడుగులు కారులో వెళితే నలుగురూ నవ్వుతారు. పైగా ఇంటికి తొందరగా వచ్చి చేసేదేమీ లేదు.

అరవై మూడేళ్ళ ఇముతా పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు కితాక్యూషూలో ఫ్యూయల్ సెల్స్ తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా పనిచేశాడు. హైడ్రోజన్ వాయువు గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే కరెంటు పుడుతుంది, ఆ కరెంటుతో కారు నడుస్తుంది, పొగ రాదు, కారు వెనక నుంచి వచ్చేది వట్టి నీళ్ళే. ఈ నాలుగు ముక్కలూ అతను కొన్ని వేల మందికి చెప్పాడు. పెద్దవాళ్ళు ఫ్యాక్టరీ చూడటానికి వచ్చినప్పుడు ఆ నీళ్ళను గాజు గ్లాసులో పట్టి, వాళ్ళ ఎదుట గటగటా తాగి చూపించే పని కూడా అతనిదే. రిటైరైన నెలలోనే అలాంటి కారు ఒకటి కొన్నాడు. రాబోయే కాలమంతా ఈ కార్లదేనని అతని నమ్మకం. రాబోయే కాలం వచ్చేసరికి వీధిలో ముందుగా తన దగ్గర ఉండాలని కోరిక.

హైడ్రోజన్ పంపు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. బుధవారం, శనివారం మాత్రమే తెరుస్తారు. అక్కడ త్సురు అనే ఆయన తలవంచి నమస్కరించి, గొట్టం తగిలించి, నాలుగు నిమిషాల్లో నింపి పంపుతాడు. బ్యాటరీ కార్లవాళ్ళు గంటల తరబడి కూర్చోవాలి, మాకు నాలుగు నిమిషాలు చాలని ఇముతా గొప్పగా చెప్పుకునేవాడు. ఈ మధ్య మాత్రం ఆ నాలుగు నిమిషాలు మరీ తక్కువగా అనిపిస్తున్నాయి. వారం మొత్తం మీద అతను ఇంకో మనిషితో మాట్లాడేది ఆ రెండు రోజుల్లో నాలుగేసి నిమిషాలే. ట్యాంకు ముప్పాతిక నిండి ఉన్నా సరే, బుధవారం వస్తే వెళ్ళిపోతాడు.

కారులో చేరిన నీళ్ళను వదలడానికి ఒక బటన్ ఉంది. ఇంటి కింద కారు పెట్టే చోట నున్నటి సిమెంటు నేల కాబట్టి అక్కడ నీళ్ళు కారితే పాచి పడుతుంది. అందుకని ఇముతా ఇంటికి ముందు వచ్చే మలుపులో, చెత్త సంచులు పెట్టే చోటు పక్కన, ఒక్క క్షణం ఆపి బటన్ నొక్కుతాడు. బుడబుడమని నీళ్ళు పోతాయి. ఏడున్నరకల్లా ఇంట్లో ఉంటాడు. ఆ రోజు కూడా అంతే చేశాడు. ఇంటి తలుపుకు వీధి సంఘం అట్ట వేలాడుతోంది.

ఆ అట్ట ఇరవై రెండిళ్ళూ తిరుగుతుంది. అందులో కాగితం చదవాలి, తన పేరు పక్కన ముద్ర వేయాలి, పక్కింటి తలుపుకు తగిలించాలి. మనిషి మొహం చూడనక్కరలేదు. పదకొండేళ్ళుగా ఇముతాకు వీధితో ఉన్న సంబంధం ఇదీ, కనబడితే "శుభోదయం" అనడమూ మాత్రమే. ఆనాటి కాగితంలో ఇలా ఉంది: "చెత్త స్థలం పక్కన ఉదయం పూట పెంపుడు జంతువు ఏదో తడి చేసి వెళుతున్నదేమోనని కొందరు అభిప్రాయపడుతున్నారు. ఇది ఎవరినీ ఉద్దేశించి రాసినది కాదు. వీలైతే గమనించగలరు."

ఇముతాకు ఒళ్ళు మండింది. కుక్కను పెంచడం చేతకానివాళ్ళు ఎందుకు పెంచాలి? తను వదిలిన నీళ్ళు గుర్తుకు రాలేదా అంటే, రాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు పెద్దమనుషుల ముందు గ్లాసెత్తి తాగిన నీళ్ళను ఎవరైనా చూసి ముక్కు మూసుకోగలరన్న ఊహ అతని బుర్రలోకి రావడానికి దారే లేదు.

ఎనిమిదింటికి చెత్త సంచితో వెళ్ళేసరికి వీధి సంఘం అధ్యక్షురాలు అరియోషి మలుపులో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. నేల మీద నీళ్ళ మడుగు. గోడ పొడుగునా కుక్కలు రాకుండా నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సీసాలు ఆరు.

"చూశారా ఇముతాసాన్, సీసాలు పెట్టినా లెక్కలేదు దానికి."

"ఎంత ఉందండీ! ఇది మామూలు కుక్క కాదు."

"దూడంత ఉండాలి. ఎవరిదో మరి. మన వీధిలో అడగాలంటే మొహమాటం, ఏమనుకుంటారో."

"కావాలంటే పొద్దున్నే నేను కాపలా ఉంటాను. నాకు వేరే పనేం లేదు."

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఇముతాకే తెలియదు. అరియోషి రెండు చేతులూ జోడించినంత పని చేసింది. ఒంటరిగా ఎలా ఉంటారు, నేనూ వస్తానంది. మర్నాడు ఉదయం ఆరింటికి మలుపులో ఇద్దరు కాదు, నలుగురున్నారు. టోఫు కొట్టు సుయెత్సుగు పెద్ద ఫ్లాస్కుతో వేడి సోయా పాలు తెచ్చాడు. బళ్ళో బొమ్మలు వేయడం నేర్పి రిటైరైన కొగా మాస్టారు మడత కుర్చీ తెచ్చుకున్నాడు.

కాపలా ఉన్నవాడు కారు తీయడు కదా. కారు తీయలేదు కాబట్టి నేల పొడిగా ఉంది. అందరూ ఇముతాను మెచ్చుకున్నారు. రెండో రోజూ పొడిగానే ఉంది. మూడో రోజుకు కుక్క సంగతి పక్కకు పోయి కార్ల సంగతి వచ్చింది. సుయెత్సుగుది బ్యాటరీ కారు.

"నేను రాత్రి పడుకోబోయే ముందు గోడకి తగిలిస్తా. పొద్దున్నకి నిండిపోతుంది. మీరేమో వారానికి రెండుసార్లు గుడికి తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాలి."

"మీది నిండేలోపు నేను హిరోషిమా వెళ్ళి రాగలను తెలుసా!"

"వెళ్ళగలరు, నేను కాదన్నానా? ఆ రోజు అక్కడి పంపు మూసేసి ఉంటే రైల్లో రావాలి, అంతే."

కొగా మాస్టారు మధ్యవర్తిలా అందుకున్నాడు. "లారీలకీ బస్సులకీ ఇముతాసాన్ చెప్పేదే మేలట కదా. లారీకి సరిపడా బ్యాటరీ పెడితే ఇక సరుకేం పెడతారు?"

"అదీ! మాస్టారికి అర్థమైంది. దూరాలు పోయే పెద్ద బళ్ళన్నీ రేపు వీటి మీదే నడుస్తాయి. చిన్న కార్ల సంగతి అంటారా..." ఇముతా కాస్త తగ్గాడు. "పంపులు పెరిగితే కార్లు పెరుగుతాయి."

"కార్లు పెరిగితే పంపులు పెడతామని పంపులవాళ్ళు కూర్చున్నారు. ఇద్దరూ ముందు మీరంటే ముందు మీరని తలుపు దగ్గరే నిలబడిపోయారు. పాలు తాగండి, చల్లారిపోతున్నాయి."

ఇముతా పాలు తాగాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో అతని మాట విన్నవాళ్ళందరూ తల ఊపారు. ఎదురు మాట్లాడినవాడు సుయెత్సుగు ఒక్కడే. ఆ రోజు ఇంటికి వెళ్ళాక సుయెత్సుగుకు రేపు ఏం జవాబు చెప్పాలో కాగితం మీద రాసుకున్నాడు. రేపు అనే మాటలో ఏదైనా ఉండటం అతనికి చాలాకాలం తరవాత ఇదే మొదటిసారి.

మలుపుకు ఎదురుగా మేడ మీది కిటికీ ఉరబే బామ్మది. ఎనభై ఆరేళ్ళు. పూర్వం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసింది. కుక్క సంగతి విన్నప్పటి నుంచి ఆవిడ భయపడి కిందికి దిగడం లేదని, చెత్త సంచి కూడా తేవడం లేదని అరియోషి చెప్పింది. కాపలావాళ్ళు వంతులు వేసుకుని ఆవిడ సంచి తెచ్చి పెట్టేవారు.

బుధవారం వచ్చింది. కాపలా ముగిశాక ఇముతా పంపుకు వెళ్ళాడు. ఈసారి త్సురుకు చెప్పడానికి చాలా కబుర్లున్నాయి. నాలుగు నిమిషాలు చాలలేదు. ఒంటిగంటన్నరకు మలుపులోకి వచ్చి, అలవాటుగా ఆపి, బటన్ నొక్కాడు. బుడబుడమంది. అప్పుడతను తల తిప్పాడు. ఎదురుగా గోడ మీద కొగా మాస్టారు వేసిన కొత్త బొమ్మ. దూడంత నల్లకుక్క, ఎర్రటి నాలుక, కింద "ఈ ఆకారం కనిపిస్తే దయచేసి తెలియజేయండి" అని అందమైన అక్షరాలు. బొమ్మ కింద వరసగా సీసాలు. సీసాల ముందు మడుగు. మడుగు పైన అతని కారు.

ఆ కుక్క ఏదో ఇముతాకు అప్పుడు తెలిసింది. కారు దిగి నేరుగా వెళ్ళి చెప్పేయాలనుకున్నాడు. నిజంగానే దిగబోయాడు. ఈలోగా అరియోషి చెప్పులు టకటకలాడించుకుంటూ పరిగెత్తుకు వచ్చింది.

"వచ్చేశారా! అయ్యో, చూడండి, మీరలా వెళ్ళారో లేదో ఇలా వచ్చి పోయింది. అది మిమ్మల్నే కనిపెట్టుకుని ఉందండీ. మీరుంటే రాదు."

"అరియోషిసాన్, అసలు సంగతేమిటంటే..."

"మీరేం చెబుతారో నాకు తెలుసు. ఇంకో పూట కూడా కాస్తానంటారు. మిమ్మల్ని ఇంతకాలం మేం ఎందుకు పలకరించలేదో నాకే అర్థం కావడం లేదు. రేపు మా ఇంట్లో చేప పులుసు పెడుతున్నాను, డబ్బాలో తెస్తాను. తింటారుగా?"

"తింటాను," అన్నాడు ఇముతా.

అబద్ధం ఆడలేదు, అడగని దానికి జవాబు చెప్పలేదంతే అని ఆ రోజంతా తనకు తాను చెప్పుకున్నాడు. కాని శనివారం నాడు అది కూడా చెల్లలేదు. మలుపులో కారు ఆపి, అటూ ఇటూ చూసి, తెలిసి తెలిసీ బటన్ నొక్కాడు. కుక్క రాకపోతే కాపలా ఉండదు. కాపలా లేకపోతే ఉదయం ఆరింటికి లేవడానికి మళ్ళీ కారణం ఉండదు. జీవితంలో పక్కవాడి పెన్సిల్ కూడా తీయని మనిషి, స్వచ్ఛమైన నీళ్ళు వదిలి దొంగలా ఇంట్లోకి దూరాడు.

ఇక కుక్క తనంతట తానే పెరిగింది. సుయెత్సుగు దాని తోకను వీధిలో శీతల పానీయాలు అమ్మే యంత్రం వెనక కళ్ళారా చూశానన్నాడు. నగర కార్యాలయం నుంచి ఒకతను ఇనప బోను తెచ్చి, లోపల చేపముక్క కట్టి వెళ్ళాడు. మర్నాడు బోనులో అరియోషిగారి పిల్లి దొరికింది. ఆవిడ బోనుకు, పిల్లికి, నగర కార్యాలయానికి విడివిడిగా క్షమాపణలు చెప్పుకుంది. సీసాలు ముప్పై నాలుగయ్యాయి. కాపలాకు ఏడుగురు వస్తున్నారు. తడిసిన నేల గురించి ఇన్ని నీళ్ళు మోసిన వీధి ఆ ఊళ్ళో ఇంకొకటి లేదు.

మూడో వారం అరియోషి గొంతు తగ్గించి చెప్పింది. "ఉరబే బామ్మగారు మూడు వారాలుగా గడప దాటలేదట. కాళ్ళు పట్టేస్తాయి ఆ వయసులో. ఆ కుక్క ఆవిడ ప్రాణం మీదికి తెస్తుంది చూడండి."

ఆ రాత్రి ఇముతాకు అన్నం సహించలేదు. తన ఉదయాల కోసం ఒక ముసలావిడ ఉదయాలు తీసేసుకున్నాడు. ఇది నిజంగా తప్పే. ఎలాగైనా చెప్పేయాలి. చెబితే ఏడుగురూ ఇళ్ళకు వెళ్ళిపోతారు, మళ్ళీ అట్టా, ముద్రా, తలుపూ మిగులుతాయి. అయినా చెప్పాలి.

ఆదివారం వీధంతా కలిసి కాలవలు శుభ్రం చేసే రోజు. ఇరవై రెండిళ్ళవాళ్ళూ పారలు, చీపుర్లతో మలుపులో చేరారు. ఇముతా మెల్లగా కారు తెచ్చి, సరిగ్గా బొమ్మ ఎదురుగా ఆపి, దిగి, నడుం పూర్తిగా వంచి నమస్కరించాడు.

"అందరూ క్షమించాలి. కుక్క లేదు. ఆ నీళ్ళు నా కారువి. ఇది హైడ్రోజన్‌తో నడుస్తుంది, నీళ్ళు వదులుతుంది. నేనే ఇక్కడ వదిలాను. మొదట తెలియక, తరవాత తెలిసి."

ఇముతా చెయ్యి లోపలికి పెట్టి బటన్ నొక్కాడు.

కారు 'స్స్' అంది. వెనకనుంచి ఒక చుక్క పడింది. కాసేపాగి ఇంకో చుక్క పడింది. నిన్న మధ్యాహ్నమే నీళ్ళన్నీ వదిలేసిన కారు అది, ఇవాళ నడిచింది వంద అడుగులు. ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం ఉన్న ఇంజనీరుకు ఆ సంగతి ఇప్పుడు తట్టింది.

"మా బ్యాటరీ బండి ఆ మాత్రం కూడా చేయలేదు," అన్నాడు సుయెత్సుగు, ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నిజంగా నాదే! రోజూ పన్నెండు కిలోమీటర్లు పోయి వస్తే లీటర్ల కొద్దీ పడతాయి, ఇవాళ నడపలేదు గనక..."

అరియోషి దగ్గరికి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు. "ఇముతాసాన్, ఇక చాలు. మాకు అర్థమైంది. దాన్ని మీ ఇంట్లో పెట్టుకున్నారు కదూ?"

"దేన్ని?"

"మీరు కాపలా ఉన్నప్పుడు రాకపోవడమేమిటి, మీరు వెళ్ళగానే రావడమేమిటి, నాకు ముందే అనుమానంగా ఉంది. మీ వెనకే తిరుగుతోందది. పాపం, ఒంటరి మనిషి, దగ్గరికి తీసుంటారు. దాని తప్పు మీ మీద వేసుకుంటున్నారు."

"కుక్క లేదండీ!"

"ఎంత మనసండీ మీది," అన్నాడు కొగా మాస్టారు గద్గదంగా. "ముందే చెప్పాల్సింది. కాస్త మెత్తగా గీసేవాణ్ణి."

"పేరేం పెట్టారు?" అంది ఎవరో వెనకనుంచి.

"పేరు లేదు, అసలు కుక్కే..."

"పేరు కూడా పెట్టలేదట, పాపం."

పది నిమిషాల్లో సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇముతా కుక్కను ఉంచుకోవచ్చు. ఎవరూ దాన్ని గురించి అడిగి ఇబ్బంది పెట్టకూడదు. సుయెత్సుగు ఇంటికి పరిగెత్తి, చచ్చిపోయిన తన కుక్క గొలుసు తెచ్చి ఇముతా చేతిలో పెట్టాడు. బొమ్మ చింపేశారు. సీసాలు ఎవరివి వాళ్ళు ఖాళీ చేసుకుని పట్టుకుపోయారు. సమస్య తీరిపోయింది కనుక కాపలా రద్దు చేశారు.

సోమవారం ఉదయం ఆరింటికి ఇముతా మలుపులోకి వచ్చి నిలబడ్డాడు. రావక్కరలేదని తెలుసు. కాళ్ళు తెచ్చాయి. ఎవరూ లేరు. మాస్టారి కుర్చీ పెట్టే చోట కుర్చీ కాళ్ళ గుర్తులు నాలుగు ఉన్నాయి. గోడకు అంటుకుపోయిన జిగురు కాగితం ముక్కలున్నాయి. టోఫు కొట్టులో దీపం వెలిగింది, సుయెత్సుగు లోపల పని చేసుకుంటున్నాడు. వెళ్ళి పలకరించవచ్చు. కాని ఏమని పలకరించాలి? కుక్క లేకుండా వాళ్ళిద్దరి మధ్య మాటలు మొదలుపెట్టడం ఎలాగో ఇముతాకు తెలియదు. చలి ఎముకల్లోకి దిగుతోంది. అతనికి ఏడుపు వచ్చినంత పనైంది.

పైన కిటికీ తెరుచుకుంది.

"ఏం, ఇవాళ ఒక్కరే వచ్చారా?" అంది ఉరబే బామ్మ.

ఇముతా తలెత్తి మళ్ళీ వంగి నమస్కరించాడు. "బామ్మగారూ, నన్ను క్షమించండి. మిమ్మల్ని చాలా భయపెట్టాను. నిజంగా కుక్క లేదు, మీరైనా నమ్మండి."

"లేదని నాకు తెలీదా? ఈ కిటికీలో ఇరవై ఏళ్ళుగా కూర్చున్నాను. ఏడూ ఇరవై ఎనిమిదికి మీ కారు ఆగుతుంది, బుడబుడమంటుంది, వెళ్ళిపోతుంది. మొదటి రోజు నుంచీ చూస్తున్నాను."

"మరి... చెప్పలేదేం?"

"చెప్పాను కదా! అధ్యక్షురాలికి ఫోన్ చేసి చెప్పింది నేనే. కుక్క అని చెప్పాను."

ఇముతా కిటికీ కిందికి ఇంకో అడుగు జరిగాడు.

"కారు అని చెబితే ఏమయ్యేది?" అంది బామ్మ. "ఒక కాగితం అట్టలో పెట్టి తిప్పేవాళ్ళు. మీరు ఇంకోచోట వదిలేవారు. అయిపోయేది. నలభై ఏళ్ళు ఊరందరినీ ఒకరితో ఒకరిని కలిపాను. రిటైరయ్యాక నాకు ఫోన్ చేసినవాడు లేడు. కుక్క వచ్చాక చూడండి, రోజుకొకరు నా చెత్త సంచి కోసం మేడెక్కుతున్నారు, గుమ్మం దగ్గర పది నిమిషాలు కబుర్లు చెప్పి వెళుతున్నారు. కింద మీరూ ఆ టోఫు ఆయనా అరుచుకుంటుంటే రేడియో పెట్టుకోవడం మానేశాను. నిన్న మీరు నిజం చెప్పి అంతా పాడుచేశారు."

"నేను మీ కోసమే చెప్పాను బామ్మగారూ."

"తెలుసు. మంచివారే. బుద్ధి లేదంతే." ఆవిడ శాలువా గట్టిగా కప్పుకుంది. "ఇక నా సంచి తీసుకెళ్ళడానికి ఎవరూ రారు కదా. ఇందాక చీకట్లో నేనే దిగి పెట్టాను. నడుం పట్టేసింది."

కింద వీధి ఖాళీగా ఉంది.

"మళ్ళీ నీళ్ళు వదిలినా లాభం లేదు," అన్నాడు ఇముతా. "నా కుక్కేనని సరిపెట్టుకుంటారు. అడగకూడదని తీర్మానం కూడా చేశారు."

"మీ కుక్క అయితే కదా! అది రాత్రంతా మీ ఇంట్లోనే కట్టేసి ఉందని, గొలుసు చప్పుడు విన్నానని నేను సాక్ష్యం చెబుతాను. రేపు కాస్త దూరం తిరిగి రండి. నిన్నటిలా రెండు చుక్కలైతే ఎవరూ రారు."

మర్నాడు ఇముతా తెల్లవారకముందే లేచి, పనేమీ లేకుండా నలభై కిలోమీటర్లు తిరిగి వచ్చి మలుపులో బటన్ నొక్కాడు. ఎనిమిదింటికల్లా వీధిలోకి రెండో కుక్క వచ్చింది.